పులుపు తగిలితే బ్యాక్టీరియా జన్యువులు ఏం చేస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ ప్రాజెక్టులు చేసేవాళ్లు ఈ విషయంపై పదేపదే అడిగేవి ఇక్కడ ఒకచోట చేర్చాం. మొదటి సగం జీవశాస్త్రం, రెండో సగం బెంచి పని. తొందరలో ఉన్నవాళ్లు బఫర్ల (పీహెచ్‌ను నిలిపి ఉంచే పదార్థాల) ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఎక్కువ ప్రాజెక్టులు తప్పేది అక్కడే.

పీహెచ్ ఒక్క అంకె తగ్గితే కణానికి అంత తేడా ఏముంటుంది?

పీహెచ్ లాగరిథమ్ కొలత. 7 నుంచి 6కు వస్తే ప్రోటాన్ల గాఢత 10 రెట్లు, 5కు వస్తే 100 రెట్లు పెరుగుతుంది. ఇది అందరూ పరీక్షల్లో రాసేదే. ఒక్క కణంలో ఎన్ని ప్రోటాన్లుంటాయో లెక్క వేసి చూస్తే మాత్రం విషయం వేరేగా కనబడుతుంది.

ఇ.కోలై (పేగుల్లో ఉండే బ్యాక్టీరియా) కణం పరిమాణం సుమారు ఒక ఫెమ్టోలీటరు, అంటే లీటరులో వెయ్యి లక్షల కోట్ల వంతు. లోపలి పీహెచ్ 7.6 అనుకోండి. గాఢతను అవగాడ్రో సంఖ్యతో, పరిమాణంతో గుణిస్తే వచ్చేది సుమారు 15. కణం మొత్తంలో ఏ క్షణాన చూసినా విడిగా తిరిగే ప్రోటాన్లు పదిహేనే. లోపలి పీహెచ్ 5.6కు పడితే అవి 1500 అవుతాయి. ప్రోటీన్లు, ఫాస్ఫేట్లు, పాలీఅమీన్లు బఫర్లుగా పనిచేస్తాయి కాబట్టి అంత మార్పు రావాలంటే లోపలికి దూరాల్సిన ప్రోటాన్లు లక్షల్లో ఉంటాయి. అయినా ఒకసారి మారిందంటే ప్రతి ప్రోటీన్ మీదా హిస్టిడిన్, గ్లుటమేట్, ఆస్పార్టేట్ల ఆవేశం మారిపోతుంది. ఎంజైమ్ వేగం, డీఎన్‌ఏకు ప్రోటీన్ అతుక్కునే బలం, పొరకు ఇరువైపులా ఉండే ప్రోటాన్ల వాలు, అన్నీ ఒకేసారి కదులుతాయి.

బయట పులిస్తే లోపలా పులుస్తుందా?

వెంటనే కొంత పులుస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. బయట పీహెచ్ 5 నుంచి 9 దాకా ఎక్కడున్నా పెరుగుతున్న ఇ.కోలై తన సైటోప్లాజాన్ని (కణం లోపలి ద్రవాన్ని) 7.4–7.8 మధ్య ఉంచుకుంటుంది. బయట ఒక్కసారిగా 7.5 నుంచి 5.5కు దింపితే లోపలి పీహెచ్ సెకన్లలో పడిపోయి, కొన్ని నిమిషాల్లో మళ్లీ పైకి వస్తుంది. ఈ మొదటి కొద్ది నిమిషాల్లో జరిగేదానికి జన్యువులతో పెద్దగా పని లేదు. అప్పటికే ఉన్న బఫర్లు, అయాన్ పంపులే దాన్ని చూసుకుంటాయి. కొత్త ప్రోటీన్లు తయారై రంగంలోకి దిగేది ఆ తర్వాత.

ఇక్కడ ఇంటి పోలిక ఒకటి పనికొస్తుంది. ఇ.కోలై లాంటి గ్రామ్ నెగటివ్ కణానికి బయటి పొరలో పోరిన్లనే రంధ్రాలుంటాయి. వాటిలోంచి ప్రోటాన్లు అడ్డూ ఆపూ లేకుండా వస్తాయి. అందుకే రెండు పొరల మధ్య ఉండే పెరిప్లాజం వసారా లాంటిది: బయట వాన పడితే అదీ తడుస్తుంది. సైటోప్లాజం తలుపు వేసిన లోపలి గది. పులుపును పసిగట్టే ప్రోటీన్లలో చాలావాటి తల వసారాలోకి చాచి ఉండడానికి కారణం ఇదే.

హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఒక ఫలితం, అదే పీహెచ్ దగ్గర వెనిగర్‌తో ఇంకో ఫలితం వస్తోంది. ఎందుకు?

రెండూ వేర్వేరు దెబ్బలు కాబట్టి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం నీళ్లలో పూర్తిగా విడిపోతుంది, ఆ ప్రోటాన్లకు లోపలి పొర దాటడం కష్టం. అసిటిక్ ఆమ్లం పీకేఏ (సగం అణువులు విడిపోయే పీహెచ్) 4.76. పీహెచ్ 7 దగ్గర అందులో విడిపోకుండా మిగిలేది వెయ్యిలో 6 అణువులే. పీహెచ్ 5 దగ్గర నూటికి 36, పీహెచ్ 4 దగ్గర నూటికి 85. ఈ విడిపోని రూపానికి ఆవేశం ఉండదు, పొరలోంచి జారిపోతుంది. లోపల 7.6 ఉంది కాబట్టి అక్కడ విడిపోయి ప్రోటాన్‌ను వదులుతుంది. మిగిలిన అసిటేట్ బయటికి రాలేక పేరుకుంటుంది. తలుపు వేసినా లోపలికొచ్చిన దొంగ అన్నమాట.

లాక్టిక్ (3.86), బెంజోయిక్ (4.2), ప్రొపియోనిక్ (4.87) ఆమ్లాలదీ ఇదే తీరు. కాబట్టి ప్రాజెక్టు రిపోర్టులో 'పీహెచ్ 5 దగ్గర పెంచాం' అని మాత్రమే రాస్తే సగమే చెప్పినట్టు. ఏ ఆమ్లంతో, ఎంత గాఢతలో, ఏ బఫర్‌లో అన్నవి లేకపోతే ఆ ప్రయోగాన్ని ఇంకొకరు తిరిగి చేయలేరు.

పులుపు ఉందని కణానికి తెలిసేది ఎలా?

ఒకే 'పులుపు సెన్సర్' ఉంటుందని వెతకడం వృథా. రకరకాల ప్రోటీన్లు రకరకాల చోట్ల నుంచి చూస్తాయి, చాలావరకు పులుపుతోపాటు ఇంకో సంకేతం కూడా ఉంటేనే కదులుతాయి.

ఎక్కువగా కనిపించేది రెండు భాగాల వ్యవస్థ. పొరలో ఉండే హిస్టిడిన్ కైనేజ్ సంకేతాన్ని పట్టి తనమీద తానే ఫాస్ఫేట్ పెట్టుకుంటుంది. దాన్ని రెస్పాన్స్ రెగ్యులేటర్ మీది ఆస్పార్టేట్‌కు అందిస్తుంది. ఆ రెగ్యులేటర్ ప్రమోటర్ల (జన్యువును ఆన్ చేసే డీఎన్‌ఏ ముక్కల) మీద కూర్చుంటుంది. ఇ.కోలైలో ఎవ్‌జీఎస్–ఎవ్‌జీఏ జంట కొద్దిపాటి పులుపుకే స్పందిస్తుంది. ఫోక్యూ–ఫోపీ జంట మెగ్నీషియం తగ్గినా, పీహెచ్ తగ్గినా, క్రిముల్ని చంపే పెప్టైడ్లు తగిలినా మేలుకుంటుంది. ఈ రెండు జంటల మధ్య సఫా అనే చిన్న ప్రోటీన్ వంతెన. ఎవ్‌జీఏ పనిచేస్తే సఫా తయారవుతుంది, అది వెళ్లి ఫోక్యూను తట్టి లేపుతుంది.

ఎన్వ్‌జడ్–ఓఎమ్‌పీఆర్ జంట ఇంకో రకం. అది ఉప్పు ఒత్తిడికి స్పందిస్తుందని పాఠాల్లో చదువుతాం. సాల్మొనెల్లాలో అది సైటోప్లాజం పులిసినా స్పందిస్తుంది, అంటే లోపలి గదిలోంచి చూసే కన్ను. ఆర్‌ఎన్‌ఏ కూడా సెన్సర్ కాగలదు. ఇ.కోలైలో ఏఎల్‌ఎక్స్ జన్యువు ముందుండే ఆర్‌ఎన్‌ఏ ముక్క పీహెచ్‌ను బట్టి మడత మార్చుకుంటుంది. కాకపోతే అది క్షారానికి తెరుచుకునేది.

ఒక్క ఉదాహరణను దగ్గరగా చూపిస్తారా?

క్యాడ్‌సీని చూడండి. బోధనకు ఇంతకంటే మంచిది లేదు, ఎందుకంటే దాని ఫలితం గాజు గొట్టంలో రంగుగా కనబడుతుంది.

క్యాడ్‌సీ ఒకే ప్రోటీన్, మధ్యలో కైనేజ్ లేదు. తోక సైటోప్లాజంలో డీఎన్‌ఏను పట్టుకునేలా, తల పెరిప్లాజంలో ఉంటుంది. పక్కనే లైస్‌పీ అనే లైసిన్ రవాణా ప్రోటీన్ దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. బయట లైసిన్ దొరికితే లైస్‌పీ పట్టు సడలుతుంది. పీహెచ్ 6.8 కంటే దిగితే క్యాడ్‌సీ తలలు రెండేసి జతకడతాయి. రెండూ జరిగితేనే క్యాడ్‌బీఏ ఆపరాన్ (కలిసి నడిచే జన్యువుల వరుస) మొదలవుతుంది. క్యాడ్‌ఏ ఎంజైమ్ లైసిన్ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను తీసేసి, ఆ పనిలో ఒక ప్రోటాన్‌ను ఖర్చు చేస్తుంది. మిగిలిన కడావరిన్‌ను క్యాడ్‌బీ బయటికి పంపి, మరో లైసిన్‌ను లోపలికి తెస్తుంది. బయట కడావరిన్ పోగయ్యాక అదే క్యాడ్‌సీకి అతుక్కుని దాన్ని ఆపేస్తుంది.

దీన్నే డయాగ్నొస్టిక్ ల్యాబుల్లో లైసిన్ డీకార్బాక్సిలేజ్ పరీక్షగా రోజూ చూస్తారు. మోయలర్ బ్రాత్‌లో 1 శాతం లైసిన్, 0.05 శాతం గ్లూకోజ్, బ్రోమోక్రెసాల్ పర్పుల్ ఉంటాయి, మొదటి పీహెచ్ 6.0. నాటిన గొట్టం మీద స్టెరైల్ మినరల్ ఆయిల్ పొర పోయాలి. మొదట కణం గ్లూకోజ్‌ను పులియబెట్టి గొట్టాన్ని పసుపు చేస్తుంది. ఆ పులుపే క్యాడ్‌సీని లేపుతుంది, తర్వాత రంగు తిరిగి ఊదాకు వస్తుంది. లైసిన్ లేని కంట్రోల్ గొట్టం పసుపులోనే ఉండిపోవాలి. కంట్రోల్ కూడా ఊదాగా ఉంటే ఆ ఫలితాన్ని చదవకండి: గ్లూకోజ్ పులియలేదు, లేదా ఆయిల్ పొర సరిగా లేక గాలి తగిలి పెప్టోన్ నుంచి అమ్మోనియా వచ్చింది. 24 గంటలకే నెగటివ్ అని తీర్మానించవద్దు, 4 రోజుల దాకా చూడాలి.

షిగెల్లా ఈ పరీక్షలో నెగటివ్. ఇ.కోలైకి అంత దగ్గరి చుట్టం అయినా దారిలో క్యాడ్‌ఏను పోగొట్టుకుంది. కడావరిన్ దాని ఎంటెరోటాక్సిన్‌కు అడ్డుపడుతుంది కాబట్టి ఆ జన్యువు పోవడమే దానికి లాభించింది.

గ్యాడ్ వ్యవస్థకు అంతమంది రెగ్యులేటర్లు ఎందుకు?

పీహెచ్ 2–3 దాకా దిగితే క్యాడ్ వ్యవస్థ సరిపోదు. కడుపులో పీహెచ్ 1.5–3. అక్కడ ఇ.కోలైని బతికించేది ముఖ్యంగా గ్లుటమేట్ వ్యవస్థ, అదే గ్యాడ్. గ్యాడ్‌ఏ, గ్యాడ్‌బీ ఎంజైములు గ్లుటమేట్‌ను గాబాగా మార్చి ప్రోటాన్‌ను తినేస్తాయి. గ్యాడ్‌సీ గాబాను బయటికి, గ్లుటమేట్‌ను లోపలికి మార్పిడి చేస్తుంది.

ఇది ఖరీదైన వ్యవహారం. అవసరం లేనప్పుడు నడిస్తే కణం తన గ్లుటమేట్‌ను తానే పారబోసుకున్నట్టు. అందుకే తాళాలు ఎక్కువ. ప్రధాన తాళంచెవి గ్యాడ్‌ఈ. దాన్ని ఎవ్‌జీఏ, వైడీఈఓ ఒక దారిలో, గ్యాడ్‌ఎక్స్, గ్యాడ్‌డబ్ల్యూ మరో దారిలో తిప్పుతాయి. స్టేషనరీ దశలో (పెరుగుదల ఆగాక) ఆర్‌పీఓఎస్ అనే సిగ్మా కారకం (జన్యువులు చదివే యంత్రాన్ని ప్రమోటర్ దగ్గరికి నడిపించేది) వీటికి తోడవుతుంది. గ్యాడ్‌వై అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ గ్యాడ్‌ఎక్స్ సందేశాన్ని విరగకుండా నిలబెడుతుంది. హెచ్‌ఎన్‌ఎస్ అనే డీఎన్‌ఏకు అతుక్కునే ప్రోటీన్ మొత్తాన్ని అణచి ఉంచుతుంది. పీహెచ్ తిరిగి మామూలుకొస్తే లాన్ ప్రోటియేజ్ గ్యాడ్‌ఈని వేగంగా నమిలేస్తుంది. మ్యాపు గీస్తే సాలెగూడులా ఉంటుంది. బట్టీ పట్టాల్సిన పని లేదు, 'ఆన్ చేయడానికి చాలా దారులు, ఆఫ్ చేయడానికి వేగమైన దారి ఒకటి' అని గుర్తుంటే చాలు.

పెరిప్లాజంలో హెచ్‌డీఈఏ చేసే పని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మామూలు పీహెచ్ దగ్గర అది జంటగా ముడుచుకుని ఊరకే ఉంటుంది. పీహెచ్ 3 కంటే దిగితే జంట విడిపోయి, మడతలు విప్పుకుంటున్న ఇతర ప్రోటీన్లను పట్టుకుని ముద్దకట్టకుండా కాపాడుతుంది. ఏటీపీ (కణం వాడే శక్తి అణువు) ఊసే లేదు. వసారాలో ఏటీపీ ఎక్కడిది?

రోగకారక క్రిములు పులుపును ఎలా వాడుకుంటాయి?

చాలాసార్లు అది వాటికి చిరునామా. సాల్మొనెల్లాను మాక్రోఫేజ్ మింగాక అది ఉండే సంచిలో పీహెచ్ 5 దగ్గరికి వస్తుంది. ఎన్వ్‌జడ్–ఓఎమ్‌పీఆర్ అప్పుడు క్యాడ్ వ్యవస్థను నొక్కేస్తుంది. ఇ.కోలై చేసినట్టు లోపలి పీహెచ్‌ను పైకి తేవడం మానేసి, సాల్మొనెల్లా తన సైటోప్లాజాన్ని పులిసినట్టే ఉంచుకుంటుంది. ఆ పులుపే ఎస్‌ఎస్‌ఆర్‌బీ అనే రెగ్యులేటర్ ద్వారా రెండో పాథోజెనిసిటీ ద్వీపం (జబ్బు తెప్పించే జన్యువుల గుంపు) జన్యువులను తెరిపిస్తుంది. పులుపుతో పోరాడడమే ఏకైక దారి అనుకునేవాళ్లకు ఇది మంచి ఎదురు ఉదాహరణ.

హెలికోబాక్టర్ పైలోరీ కడుపులోనే కాపురం పెడుతుంది. దాని యూఆర్‌ఈఐ అనే యూరియా ద్వారం పులుపు తగిలితేనే తెరుచుకుంటుంది. లోపలికొచ్చిన యూరియాను యూరియేజ్ అమ్మోనియాగా విడగొడుతుంది. ఏఆర్‌ఎస్‌ఎస్–ఏఆర్‌ఎస్‌ఆర్ జంట యూరియేజ్ జన్యువులను పెంచుతుంది. ఎండోస్కోపీ తర్వాత చేసే ర్యాపిడ్ యూరియేజ్ పరీక్షలో పసుపు గులాబీగా మారేది ఆ అమ్మోనియా వల్లే.

కలరా విబ్రియోకు మాత్రం కడుపు పులుపు గట్టి దెబ్బ. వలంటీర్ల మీద జరిగిన పాత అధ్యయనాల్లో ముందుగా సోడియం బైకార్బొనేట్ ఇస్తే జబ్బు రావడానికి కావాల్సిన కణాల సంఖ్య బాగా తగ్గిపోయింది. ఆమ్లం తగ్గించే మాత్రలు రోజూ వేసుకునేవాళ్లలో పేగు ఇన్ఫెక్షన్ల ముప్పు పెరగడానికి కారణమూ ఇదే. డాక్టరు రాసిన మాత్ర దీన్ని చదివి మానేయకండి.

కోరం సెన్సింగ్ (రసాయన సంకేతాలతో తమ సంఖ్యను పసిగట్టడం) మీద పీహెచ్ ప్రభావం ఉంటుందా?

ఉంటుంది, అదీ జన్యువుల కంటే ముందు రసాయనంగానే. గ్రామ్ నెగటివ్‌లు వాడే ఏహెచ్‌ఎల్ అనే సంకేత అణువులో లాక్టోన్ ఉంగరం ఉంటుంది. క్షారంలో ఆ ఉంగరం తెగి సంకేతం చచ్చిపోతుంది, పొట్టి గొలుసు అణువులు ఇంకా త్వరగా. ఆమ్లంలో నిలుస్తుంది, తెగిన ఉంగరం బాగా ఆమ్లం చేస్తే మళ్లీ మూసుకుంటుంది కూడా. సాధారణ ఎల్‌బీ పోషక మీడియంలో రాత్రంతా పెంచితే మీడియం 8.5 దాకా క్షారంగా మారుతుంది కాబట్టి, పొద్దున్నే సూపర్‌నేటంట్ తీసి 'మా స్ట్రెయిన్ ఏహెచ్‌ఎల్ చేయట్లేదు' అనేవాళ్లు ఉంటారు. చేసింది, కానీ క్షారంలో తెగిపోయింది. మీడియంను మోప్స్ బఫర్‌తో 7 దగ్గర నిలపండి, తీయడానికి లీటరుకు 0.1 మి.లీ. అసిటిక్ ఆమ్లం కలిపిన ఇథైల్ అసిటేట్ వాడండి.

న్యుమోకాకస్‌లో ఉల్టా. దాని కాంపిటెన్స్ (బయటి డీఎన్‌ఏను లోపలికి తీసుకునే స్థితి) పెప్టైడ్ సంకేతం ఆమ్ల మీడియంలో పనిచేయదు. అందుకే దాన్ని 6.8 దగ్గర పెంచి, ట్రాన్స్‌ఫర్మేషన్ సమయంలో 7.8కి తెచ్చి పెప్టైడ్ కలుపుతారు.

ఇడ్లీ పిండి, పెరుగు, చోడి అంబలిలోనూ ఇదే జరుగుతుందా?

పాత్రలు వేరు, సూత్రం ఒకటే. ఇడ్లీ పిండిలో ముందుగా ల్యూకోనోస్టాక్ లేచి గ్యాస్ చేస్తుంది, పీహెచ్ 4.5 దగ్గరికి దిగేసరికి పులుపు తట్టుకునేవే మిగులుతాయి. మే నెలలో విశాఖ గదుల్లో రాత్రి రుబ్బిన పిండి పొద్దుటికి దాటిపోవడం అందరికీ తెలిసిన బాధే.

లాక్టిక్ బ్యాక్టీరియాకు గ్యాడ్‌ఈ లేదు. అవి ఎక్కువగా ఎఫ్-ఏటీపీయేజ్ అనే పొరలోని ఎంజైమ్‌ను వెనక్కి తిప్పి, ఏటీపీ ఖర్చుపెట్టి ప్రోటాన్లను బయటికి తోస్తాయి. కొన్ని ఆర్జినిన్‌ను విరిచి అమ్మోనియా చేసుకుంటాయి. లాక్టోకాకస్ లాక్టిస్‌లో గ్యాడ్‌సీబీ జన్యువులు తెరుచుకోవాలంటే క్లోరైడ్ కావాలి. పెరుగులో ఉండే స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్‌కు యూరియేజ్ ఉంది, పాలలోని యూరియాతో అమ్మోనియా చేసి పులుపును కాస్త వెనక్కి లాగుతుంది. అయినా పీహెచ్ 4.6 దగ్గరికి వచ్చేసరికి కేసీన్ ఆవేశం సున్నా అయ్యి పెరుగు తోడుకుంటుంది.

ప్రయోగానికి మీడియం ఎలా చేయాలి? ఏ బఫర్ వాడాలి?

ముందు ఒక హెచ్చరిక. మామూలు ఎల్‌బీలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేసి 5.5కు తెచ్చి, రాత్రంతా పెంచి, అది పీహెచ్ 5.5 ప్రయోగం అనకండి. ఇ.కోలై అమైనో ఆమ్లాలను తిని అమ్మోనియా వదిలి మీడియాన్ని క్షారం వైపు లాగేస్తుంది. 0.4 శాతం గ్లూకోజ్ ఉంటే అసిటేట్ చేసి 5 దగ్గరికి దింపుతుంది. కల్చర్ తీసేటప్పుడు పీహెచ్ మళ్లీ కొలవాలి. మొదటి అంకె, చివరి అంకె రెండూ నోటుబుక్కులో ఉండాలి. తేడా 0.2 దాటితే ఆ ఫ్లాస్కును పక్కన పెట్టడమే మంచిది.

మా సిఫారసు ఎల్‌బీకే: లీటరుకు ట్రిప్టోన్ 10 గ్రా., ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 5 గ్రా., సోడియం క్లోరైడ్ బదులు పొటాషియం క్లోరైడ్ 7.45 గ్రా. క్షారం వైపు కూడా పరీక్షిస్తే సోడియం తనంతట తానే ఒత్తిడి అవుతుంది, అందుకే ఈ మార్పు. దానికి 100 మిల్లీమోలార్ బఫర్ కలపాలి. పీహెచ్ 5.5–6.7కు మెస్, మోనోహైడ్రేట్ అయితే లీటరుకు 21.3 గ్రా. 6.5–7.9కు మోప్స్, 20.9 గ్రా. 5 దగ్గరైతే హోమోపైప్స్. సర్దడానికి పొటాషియం హైడ్రాక్సైడ్. విశాఖ తేమలో ఈ గుళికలు తూచేలోపే నీరు పీల్చి చెమ్మగిల్లుతాయి, కాబట్టి తూకాన్ని నమ్మి పోయకుండా ద్రావణం చేసి చుక్కచుక్కగా వేయండి. మెస్ ఉన్న మీడియం ఆటోక్లేవ్‌లో పసుపు తిరుగుతుంది, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టండి.

చవక అని రెండు బఫర్ల జోలికి పోతుంటారు. అసిటేట్ బఫర్ వాడితే పైన చెప్పిన దొంగను మీరే ఇంట్లోకి పిలిచినట్టు. సిట్రేట్ బఫర్ మెగ్నీషియాన్ని పట్టేసుకుంటుంది. మెగ్నీషియం తగ్గితే ఫోక్యూ లేస్తుంది, మీరు దాన్ని పులుపు ప్రభావం అనుకుంటారు.

ఇంకొకటి: ఆమ్లం, క్షారం పోసినప్పుడు ఉప్పు కూడా పెరుగుతుంది. ఓఎమ్‌పీఆర్ జన్యువులు చూస్తున్నట్టయితే అంతే మొత్తం పొటాషియం క్లోరైడ్ కలిపి, పీహెచ్ 7లోనే ఉంచిన కంట్రోల్ తప్పనిసరి.

పీహెచ్ 2.5 తట్టుకునే పరీక్ష అడుగడుగునా చెప్పండి.

ల్యాబుల్లో వాడే హాని లేని స్ట్రెయిన్ ఇ.కోలై కె-12తోనే చేయండి. టైఫాయిడ్, కలరా క్రిములను బోధనా ల్యాబులో ఈ పరీక్షకు వాడకూడదు.

గ్లుటమేట్ వ్యవస్థకు: 0.4 శాతం గ్లూకోజ్ కలిపిన ఎల్‌బీలో 37 డిగ్రీల దగ్గర 20–22 గంటలు పెంచండి. మరుసటి రోజు మినిమల్ ఇ మీడియం (లీటరుకు మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 0.2 గ్రా., సిట్రిక్ ఆమ్లం మోనోహైడ్రేట్ 2 గ్రా., డైపొటాషియం ఫాస్ఫేట్ 10 గ్రా., సోడియం అమ్మోనియం ఫాస్ఫేట్ టెట్రాహైడ్రేట్ 3.5 గ్రా., గ్లూకోజ్ 4 గ్రా.) తీసుకుని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో 2.5కు తెచ్చి వడకట్టండి. సగానికి 1.5 మిల్లీమోలార్ గ్లుటమేట్ కలపండి, కలిపాక పీహెచ్ మళ్లీ చూడండి. రెంటినీ 37 డిగ్రీలకు ముందే వేడిచేసి, కల్చర్‌ను 1:1000 పలుచన చేయండి. సున్నా సమయానికి, 2 గంటలకు, 4 గంటలకు 100 మైక్రోలీటర్లు తీసి, పీహెచ్ 7.2 ఫాస్ఫేట్ సెలైన్‌లో పదేసి రెట్లు పలుచన చేసి ప్లేట్ల మీద పరచండి.

సిట్రేట్ గురించి పైన తిట్టి ఇక్కడ అదే వాడమంటున్నారేం అని అడగవచ్చు. ఇక్కడ కొలిచేది బతుకు, ప్రమోటర్ కాదు. కణం తన ప్రోటీన్లను ముందురోజే చేసుకుని వచ్చింది.

ఆర్జినిన్‌తో ఇలాగే ప్రోటాన్‌ను ఖర్చు చేసే ఆర్జినిన్ వ్యవస్థకు బీహెచ్‌ఐ (బ్రెయిన్ హార్ట్ ఇన్ఫ్యూజన్) బ్రాత్‌లో గ్లూకోజ్‌తో, గాలి తక్కువగా పెంచి, 0.6 మిల్లీమోలార్ ఆర్జినిన్ వాడాలి. గ్లుటమేట్ లేకున్నా కణాలు బతికేస్తుంటే ఎక్కువసార్లు కారణం పలుచన తక్కువ చేయడమే: ఎల్‌బీతోపాటు అమైనో ఆమ్లాలు కూడా వచ్చేశాయి.

గ్యాడ్ ప్రమోటర్ అసలు స్పందించట్లేదు. స్ట్రెయిన్ తప్పా?

కావచ్చు. క్లోనింగ్ స్ట్రెయిన్లతో ఈ పని పెట్టుకోవద్దు. ల్యాబుల్లో చేతులు మారిన కె-12 స్టాకుల్లో ఆర్‌పీఓఎస్ మ్యుటేషన్లు మామూలే. పట్టడానికి ఒక్క పూట చాలు: ప్లేటును 4 డిగ్రీల్లో రాత్రంతా ఉంచి అయోడిన్ ఆవిరి తగిలించండి. ఆర్‌పీఓఎస్ బాగుంటే గ్లైకోజన్ వల్ల ముదురు గోధుమ రంగు వస్తుంది, లేకపోతే కాలనీ పాలిపోయి ఉంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే బుడగలు గట్టిగా రావడం రెండో సాక్ష్యం.

రిపోర్టర్‌గా (ప్రమోటర్ పనిచేస్తోందని చూపించే గుర్తుగా) జీఎఫ్‌పీ అనే వెలిగే ప్రోటీన్ వాడవచ్చా?

వాడవచ్చు, కళ్లు తెరుచుకుని. ఈజీఎఫ్‌పీ పీకేఏ 6 దగ్గర. ఆమ్లం పోసిన మొదటి నిమిషాల్లో సైటోప్లాజం 6కు పడితే వెలుగు సగానికి సగం తగ్గుతుంది. ప్రమోటర్ కదలనే లేదు, గ్రాఫ్ మాత్రం పడిపోతుంది. దాన్ని 'రిప్రెషన్' అని రాసిన రిపోర్టులు తక్కువేం కాదు. ఎర్రగా వెలిగే ఎంచెర్రీ ఈ విషయంలో మెరుగు. జీఎఫ్‌పీ త్వరగా విరగదు కాబట్టి, ఆఫ్ అయిన ప్రమోటర్ కూడా గంటల తరబడి వెలుగుతున్నట్టే కనబడుతుంది.

ఈ బలహీనతనే బలంగా మార్చుకున్నది పీహెచ్‌లూరిన్. 410, 470 నానోమీటర్ల దగ్గర ఉత్తేజపరిచి, 510 దగ్గర చదివి, నిష్పత్తితో లోపలి పీహెచ్ తీయవచ్చు. క్యాలిబ్రేషన్‌కు 40 మిల్లీమోలార్ పొటాషియం బెంజోయేట్, 40 మిల్లీమోలార్ మిథైలమీన్ హైడ్రోక్లోరైడ్ కలిపితే లోపలి, బయటి పీహెచ్ సమానమవుతాయి.

రిపోర్టర్ ల్యాక్‌జడ్ అయితే ఇంకో తిరకాసు. దాని పరీక్షలో పసుపు రంగునిచ్చే ఆర్థోనైట్రోఫినాల్ పీకేఏ 7.2, ఆమ్లంలో పసుపు కనబడదు. పీహెచ్ 5.5 మెస్ కల్చర్‌ను నేరుగా జడ్ బఫర్‌లో పోస్తే పీహెచ్ దిగి ఎంజైమ్ కూడా మందగిస్తుంది. కణాలను సెంట్రిఫ్యూజ్ చేసి, పీహెచ్ 7.0 జడ్ బఫర్‌లో మళ్లీ కలిపి అప్పుడు మొదలుపెట్టండి. ఆపడానికి 1 మోలార్ సోడియం కార్బొనేట్ ఎలాగూ ఉంది.

ఆర్‌ఎన్‌ఏ ఎప్పుడు తీయాలి?

ఓడీ (కల్చర్ మసకదనం కొలత) 0.3 దగ్గర ఆమ్లం పోసి 0, 5, 15, 30, 60 నిమిషాలకు. బ్యాక్టీరియా సందేశ ఆర్‌ఎన్‌ఏ ఆయుష్షు నిమిషాల్లో ఉంటుంది, సెంట్రిఫ్యూజ్ ఖాళీ అయ్యేదాకా ఆగితే మీరు కొలిచేది ఆ ఎదురుచూపునే. 10 మి.లీ. కల్చర్‌కు 1.25 మి.లీ. చల్లని ఆపే ద్రావణం (ఇథనాల్‌లో 5 శాతం ఫినాల్) వెంటనే కలపండి. చేతి తొడుగులు, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. ఒక్క 16ఎస్ (రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ) మీదే ఆధారపడకుండా రెండు రిఫరెన్స్ జన్యువులు చూడండి, ఆమ్లంలో అవి కదలవని ముందు మీ చేత్తోనే తేల్చుకోండి.

యాంటీబయాటిక్ డిస్కు పరీక్షలో పీహెచ్ ఎందుకంత పట్టింపు?

ముల్లర్ హింటన్ అగార్ గడ్డకట్టాక 7.2–7.4 ఉండాలి. పులిస్తే జెంటామైసిన్ లాంటి అమినోగ్లైకోసైడ్లు, మాక్రోలైడ్ల వలయాలు చిన్నవవుతాయి, టెట్రాసైక్లిన్‌వి పెద్దవవుతాయి. కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్‌లో పెట్టినా అదే తప్పు జరుగుతుంది. క్షయ మందు పైరజినమైడ్ అయితే ఆమ్లంలోనే పనిచేస్తుంది.

ఆగ్రోబాక్టీరియంతో మొక్కల ట్రాన్స్‌ఫర్మేషన్ (కొత్త జన్యువు చొప్పించడం) ఎండాకాలంలో విఫలమవుతోంది. పీహెచ్ సరిగానే ఉంది.

అయితే థర్మామీటర్ చూడండి. మొక్కలోకి డీఎన్‌ఏ పంపే విర్ జన్యువులు తెరుచుకోవడానికి పీహెచ్ 5.5 దగ్గర మెస్, 100–200 మైక్రోమోలార్ అసిటోసిరింగోన్ రెండూ కావాలి. గాయపడిన మొక్క దగ్గర మట్టిలో ఉండే పరిస్థితి అదే. పులుపును సీహెచ్‌వీజీ–సీహెచ్‌వీఐ, ఫినాల్ వాసనను విర్‌ఏ–విర్‌జీ పట్టుకుంటాయి. కానీ 32 డిగ్రీలు దాటితే విర్‌ఏ పని మానేస్తుంది. ఏసీ ఆపేసిన గదిలో షేకర్ మీద పెట్టిన ఫ్లాస్కు మే నెలలో ఆ గీత దాటడానికి మధ్యాహ్నం దాకా కూడా ఆగదు. 20–25 డిగ్రీల మధ్య ఉంచండి. అసిటోసిరింగోన్‌ను డీఎంఎస్‌ఓలో కరిగించి, మీడియం చల్లారాక కలపండి.

పీహెచ్ మీటరు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చూపిస్తోంది.

రోజూ 4.01, 7.00 బఫర్లతో, క్షారం వైపు పని ఉంటే 10.01తో కూడా సరిచేయాలి. స్లోప్ 95 శాతం కంటే తగ్గితే ఎలక్ట్రోడ్‌ను శుభ్రం చేయాలి. ట్రిప్టోన్ ప్రోటీన్ పట్టి ఉంటే పెప్సిన్–హైడ్రోక్లోరిక్ ఆమ్లం ద్రావణంలో నానబెట్టండి. డిస్టిల్డ్ వాటర్‌లో నిల్వ ఉంచితే ఎలక్ట్రోడ్ పాడవుతుంది, 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ కావాలి. అంకె నిలవకుండా జారుతుంటే కేబుల్ కనెక్టర్ విప్పి చూడండి. సముద్రపు తేమ అక్కడ చేరితే చాలు, సంకేతం కారిపోతుంది. స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టి బిగించండి.

ట్రిస్ వాడేవాళ్లకు ప్రత్యేకం: డిగ్రీకి 0.028 చొప్పున పీహెచ్ పడిపోతుంది. 25 డిగ్రీల దగ్గర 8.0 చేసింది 37 దగ్గర 7.66. బాటిల్ మీద పీహెచ్ రాసినప్పుడు పక్కన ఉష్ణోగ్రత కూడా రాయండి.